నత్తియు, నవ్వెడివారును

మన నాటకములలోను చలనచిత్రములలోను నత్తిగలవానిని ప్రవేశపెట్టుటకు ఒక్కటే ప్రయోజనమును చిరకాలముగ నెరిగియున్నాము. అది నవ్వించుట. వాడు రంగమునకు వచ్చును, ఒక యక్షరమును పట్టుకొని పెనుగులాడును, ఎదుటివాడు విసిగి ఆ మాటను తానే పూర్తిచేయును, సభ గొల్లుమనును. కవికి శ్రమ లేదు. ఈ యాచారమునుండి తొలగిన తెలుగు చిత్రములు రెండు ఒకదానివెంట నొకటి వెలువడినవి. 2017లో కె. ఎస్. రవీంద్ర దర్శకత్వమున వచ్చిన 'జై లవ కుశ' మొదటిది. 2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి' రెండవది. బడిపంతులు సినిమాలను విమర్శింపబూనుట కొందరకు వింతగ తోచవచ్చును. మా పిల్లలు మాఘమును చదువరు, సినిమాను జూతురు. తోడిబాలుని జూచి యెప్పుడు నవ్వవలయునో అక్కడనే నేర్చుకొందురు.

'జై లవ కుశ'లో అన్నదమ్ములు మువ్వురు. మూడు పాత్రలను జూనియర్ ఎన్.టి.ఆర్. ధరించెను. పెద్దవాడగు జైకి నత్తి. మేనమామ నాటకసమాజమున తమ్ములకు వేషములు, కేకలు, చప్పట్లు, ఇతనికి అవమానము. ఆ యవమానము పగయై, పెరిగి, అతడు రావణు నారాధించు క్రూరుడగును. బాల్యఘట్టము నిజమైనదని నా తలంపు. అందు నవ్వినవారు శత్రువులు గారు, తోడబుట్టినవారు. నత్తిగలవారు ఎవరిని కదలించినను మొదటి గాయము ఇంటిలోనే తగిలినదని చెప్పుదురు. నటుడును నత్తిని వెక్కిరింపుగ గాక పెనుగులాటగ జూపెను. ఇంతవరకు మెచ్చదగినదే. కాని మంథరకు గూని, శకునికి కుంటు తగిలించి, శరీరమందలి వంకర మనస్సునకును గలదని చెప్పు పాతవాడుక ఇక్కడ మరల తలయెత్తినది. నత్తివాడు నవ్వులపాలు గాకున్నచో భయంకరుడు గావలయునా? నడిమిత్రోవ లేదా?

అంతకంటె పెద్దలోప మొకటి కలదు. నత్తిగలవాడు పాడునపుడు నత్తి రమారమి రాదు. పదుగురితో కలసి ఏకకంఠముగ వల్లెవేయునపుడును రాదు. ఇది శాస్త్రజ్ఞులు పలుమారులు పరీక్షించి చూచిన విషయము. ఇక మన నాటకసమాజమనగా హార్మోనియము, రాగము, పద్యము. వచనమున నాలుక బిగిసిన బాలుడు శ్రుతి యందుకొని పద్యమెత్తుకొన్నచో ఏటిలో పడవవలె సాగిపోవును. ఆ మేనమామ వాని నొక్కనాడు పిలిచి ఒక్క పద్యము పాడించియుండినచో కథయే మారిపోయెడిది. చేతికందిన ఇంతటి నాటకీయసందర్భమును కథకుడు జారవిడిచినాడు.

కథకుని నిందించుటకు నాకు అధికారము లేదు. ఆ మేనమామ నేనే. కొన్నియేండ్లక్రితము దొరవారిసత్రమున నా తరగతిలో, నేలపట్టు చెరువుదిక్కునుండి నడచివచ్చు బాలు డొకడుండెను. వచనపాఠము చదువుమన్నచో మొదటిమాట దాటుటకే నిమిషము పట్టెడిది. ఒకదినము పోతన పద్యమును రాగముతో చదువుమంటిని. ఎక్కడను తట్టుకొనక చదివెను. సంతోషింపవలసిన నేను, "పద్యం వచ్చేవాడికి వచనం రాదా? ఇదంతా సోమరితనం" అంటిని. తరగతి నవ్వెను. ఆనాటినుండి ఆ బాలుడు నా తరగతిలో చేయి యెత్తలేదు. పాణినీయశిక్ష పాఠదోషములను లెక్కించుచు గద్గదితమును జేర్చినది. శంకితమును భీతమును గూడ జేర్చినది. నేను మొదటిదానిని దిద్దబోయి కడమ రెంటిని వానికి తగిలించితిని.

నత్తి భయమువలన బుట్టదు, బుద్ధిమాంద్యమువలన బుట్టదు, ఇతరుల ననుకరించుటవలన అంటుకొనదు. మాటకు వలయు కదలికలను వేళతప్పక నడుపు మెదడు మార్గములలోని భేదమే దానికి మూలము. వంశమునుబట్టియు వచ్చును, 2010లో దానికి సంబంధించిన జన్యువులను కొన్నింటిని కనుగొనిరి. సాధారణముగ రెండేండ్లకు ఐదేండ్లకు నడుమ మొదలగును. అట్టి పిల్లలలో ఎక్కువమందికి తనంతట తానే పోవును. పెద్దవారిలో సుమారు నూటికొకరికి నిలుచును, అందును మగవారికే యెక్కువ. భయము దానిని పుట్టింపదుగాని పెంచును. వసకొమ్ము నాకించుటయు, నోట గులకరాళ్లు పోయుటయు మందులు గావు. వసకు శక్తియే యున్నచో మా యూరంతయు వసపిట్టలే యగుదురు.

మనవారికి గద్గదస్వరము తెలియనిది గాదు. సుశ్రుతుడు గద్గదమును వాతవ్యాధులలో జేర్చెను. భరతుడు స్వరభేదమును సాత్త్వికభావములలో నొకటిగ గణించెను. ప్రియుని జూచి నాయిక గొంతు తడబడినచో రసికులు కన్నీరు గార్తురు. ఆ రసికులే బజారున నత్తివాడు ఉప్పు ధర యడిగినచో ముసిముసినగవులు నవ్వుదురు. ఈ నవ్వునకు ఫలమేమో 1939లో అమెరికా దేశపు అయోవా విశ్వవిద్యాలయమున తెలిసినది. అక్కడ అనాథబాలురను కొందరిని పట్టి, చక్కగ మాటాడువారికిని నత్తి కలదని చెప్పి, ప్రతి తడబాటును ఎత్తిచూపిరి. వారికి నత్తి పట్టుకొన్నదని రుజువు కాలేదు. వారు మాటాడుటయే తగ్గించిరి. విశ్వవిద్యాలయమువారు 2001లో క్షమాపణ చెప్పుకొనిరి. మా బడులలో అట్టి పరీక్ష దినదినము జరుగుచునే యున్నది, క్షమాపణ లేదు.

'మహానటి' యందు నత్తిగలది మధురవాణి యను పత్రికావిలేఖరి. సమంత ధరించిన పాత్ర. గురజాడవారి మధురవాణిని ఎరిగినవారికి ఈ పేరు ముసినవ్వు గొలుపును. ఆ మధురవాణి మాటలతో లోకమును ఆడించినది, ఈమెకు మాటయే కష్టము. అయినను ఈమె వృత్తి ఇతరులను ప్రశ్నించుట. నత్తి ఈమె కథ గాదు. ఈమెకున్న లక్షణములలో నొకటి, అంతే. తాను తడబడునది గనుక ఎదుటివారి మాటకు వేచియుండుట ఈమెకు తెలియును. సావిత్రి కథయంతయు ఆ వేచియుండుటవలననే మనకు చేరినది. నేను జూచిననాడు మొదటి రెండు సన్నివేశములలో హాలులో నవ్వులు వినబడినవి, పిమ్మట వినబడలేదు. 'జై లవ కుశ' వెచ్చించిన అగ్నిజ్వాలలన్నియు ఈ పని చేయజాలలేదు.

హాస్యము కూడదని నేననను. 1957లో కేరళమునకు మొదటి ముఖ్యమంత్రియైన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌గారికి నత్తి యుండెను. ఎల్లప్పుడును నత్తియేనా యని యొకరడుగగా, మాటాడునపుడు మాత్రమే యని ఆయన బదులు చెప్పినట్లు ప్రసిద్ధి. అక్కడ నవ్వించినవాడు నత్తిగలవాడే. మన రచయితలు ఈ భేదమును గ్రహింపవలసియున్నది.

ఉపాధ్యాయులు చేయవలసినది కొంచెమే. మాట ముగియువరకు ఆగవలయును. దానిని మనము పూరింపరాదు. "మెల్లగా, ఊపిరి పీల్చుకొని" యను ఉపదేశము వలదు. హాజరు పిలుచునపుడు చేయి యెత్తిన చాలును. పసితనముననే చూపింపదలచినవారికి మైసూరున 1965లో వెలసిన వాక్ శ్రవణ సంస్థ కలదు.

పోయినయేడు గూడూరు స్టేషనులో టికెట్టు వరుసయందు నా ముందు నిలిచినవాడు ఆ బాలుడే. ఇప్పుడు మీసము వచ్చినది. కిటికీ దగ్గర "సూళ్ళూరుపేట" యనెను. రైలులో ప్రక్కన కూర్చుండి, "మనూరు దాటి టికెట్టెందుకు తీశావురా అబ్బయా?" అని యడిగితిని. వాడు చెప్పబోయెను. ఈమారు నేను కిటికీవైపు చూడలేదు, మాట అందింపలేదు. నాయుడుపేట వచ్చి, పోయెను.

"సూళ్ళూరుపేటయితే నోట వస్తుంది సార్. మనూరి పేరు రాదు."

దొరవారిసత్రమున ఇద్దరమును దిగితిమి.