సున్నాను నిలదీయాలి

స్క్రబ్ టైఫస్ జ్వరం కేసుల్లో చిత్తూరు జిల్లాదే ముందు వరస అంటూ ఈ వారం పేపర్లో వచ్చిన వార్త చూసి ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది. జ్వరాన్ని పట్టుకుని లెక్క రాసిన జిల్లాకు తలవంపులా? సున్నా రాసి పంపిన జిల్లాకు మెప్పా?

సున్నా అంటే జబ్బు లేదనే కాదు, వెతకలేదనీ కావచ్చని పోలియో నిఘా ఎప్పుడో తేల్చింది. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చచ్చుబడితే, కారణం ఏదైనా సరే, ఆరోగ్య శాఖకు కబురు అందాలి. పరీక్షలో పోలియో కాదని తేలిన కేసులు ఏడాదికి లక్షమంది పిల్లల్లో కనీసం ఒకటైనా దొరకకపోతే అక్కడ నిఘా నిద్రపోతున్నట్టే లెక్క. మన దేశం ఆ కొలతను రెండుకు పెంచుకుంది. 2011 జనవరి తర్వాత ఇక్కడ వైల్డ్ పోలియో లేదని ప్రపంచం నమ్మిందంటే, ఇంత వెతికినా దొరకలేదు గనకనే.

నిఘాకు మరో పాఠం మన పక్కనే ఉంది. చిత్తూరు పొలిమేర దాటితే వెల్లూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ 1980లలో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో పోస్టుకార్డులతో నిఘా నడిపారు. సర్కారు డాక్టర్లకే కాదు, ప్రైవేటు డాక్టర్లకూ అచ్చువేసిన కార్డులిచ్చారు. తట్టు, మెదడువాపు లాంటివాటిపై అనుమానం వస్తే చాలు, కార్డు పోస్టులో పడేది. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగనక్కర్లేదు. అన్నిటికన్నా గొప్పది, జవాబు. అందిన సమాచారమంతా బులెటిన్‌గా తిరిగి ఆ డాక్టర్లకే చేరేది. రాసి పంపిన మనిషికి తన కార్డు బుట్టదాఖలు కాలేదని తెలిసేది. 1998లో లాన్సెట్ వైద్య పత్రిక ఆ అనుభవాన్ని ప్రచురించింది. మనకు దేశవ్యాప్త వ్యాధి నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీ 2004లో వచ్చింది, ఆ తర్వాత ఆన్‌లైన్ పోర్టల్ కూడా వచ్చింది. పలమనేరులో చిన్న క్లినిక్ నడిపే డాక్టరుకు ఆ పోర్టల్ నుంచి తిరిగి ఏం అందుతోంది?

ఇంత చెప్పాక చిత్తూరుకు శభాష్ అనేసి ఊరుకోవచ్చు. కానీ అదీ సరికాదు. పక్కనే ఉన్న తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి డాక్టర్లు స్క్రబ్ టైఫస్‌పై ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. పరీక్ష ఉన్నచోట కేసు బయటపడుతుంది. కుప్పం రోగి బెంగళూరుకో, గుడిపాల రోగి వెల్లూరుకో పోతే ఆ కేసు మన లెక్కలోకి రాకుండా పోవచ్చు. అంటే పెద్ద అంకె కూడా ల్యాబ్ ఎంత దగ్గరుందో చెబుతోందేమో, పల్లెల్లో జ్వరమెంతుందో కాదు. పెద్ద అంకెనూ సున్నాను అడిగినట్టే అడగాలి.

జిల్లా వైద్యాధికారులకు విన్నపం ఒక్కటే. కేసుల సంఖ్య పక్కనే ఎంతమందికి పరీక్ష చేశారో, జ్వరం మొదలైన ఎన్నాళ్లకు కబురు అందిందో, అందులో ప్రైవేటు ఆస్పత్రుల వాటా ఎంతో మండలాలవారీగా ప్రకటించండి.