నీ గుంటలోకి నీ పొడే

గాలపు కర్ర నా ఒళ్లో అడ్డంగా పడుకుని ఉంది. బల్లదీపం కింద బెండు పిడిని మెల్లగా తిప్పుతుంటే గుంటలు ఒక్కొక్కటే కన్ను తెరుస్తున్నాయి. బొటనవేలు ఆనే చోట కందిగింజంతది ఒకటి. దాని చుట్టూ ఆవగింజలంతవి నాలుగైదు. అంచున ఒక బిళ్ల పెచ్చు లేచింది.

బెండా! మా కాలవ గట్ల మీద నువ్వు నీళ్లలో ఉండేదానివి. జీలుగు బెండు ముక్కను గాలం తాడుకు కట్టి వదిలి, దాని మీంచి చూపు తిప్పకుండా కూర్చునేవాళ్లు. అది బుడుంగున మునిగితే చేప. ట్రౌట్ చేపకు ఈకలతో కట్టిన దొంగ ఈగను విసిరే ఈ సన్నకర్రకు నీటి మీద తేలే బెండు లేదు, నువ్వు పిడిలోకి ఎక్కి కూర్చున్నావు. అక్కడ కళ్లు కనిపెట్టేది ఇక్కడ అరచెయ్యి కనిపెట్టాలి. చెట్టు వేరు, నేల వేరు. జీలుగుది కాండంలోని మెత్తదనం. నీదేమో పోర్చుగల్ అలెంతేజు ఎండలకు నిలిచిన ఓక్ చెట్టు పైతోలు. అయినా మునగనని మొండికేసేవాళ్లిద్దరికీ మా భాష ఒకే పేరు పెట్టేసింది.

బెండు తీయడమంటే మా మాటల్లో మనిషిని పిప్పి చేయడం. నీ చెట్టుకు నిజంగానే బెండు తీస్తారు, అది మాత్రం చావదు. పాతికేళ్లు నిండాక మొదటిసారి గొడ్డలి తాకుతుంది. ఆ తొలి బెరడు గట్టిది, గతుకులది. తొమ్మిదేళ్లకు రెండోది, అదీ అంతంత మాత్రమే. ఇంకో తొమ్మిదేళ్లకు, అంటే చెట్టుకు 43 ఏళ్లప్పుడు, సీసా బిరడాకు పనికొచ్చే మేలురకం చేతికొస్తుంది. నాటినవాడు తన కోసం నాటడు. వేసవిలో చెట్టు తోలు వదులయ్యే రోజులు చూసి గొడ్డలి నేర్పరులు వస్తారు. పైబెరడు తెగాలి, లోపలి పొరకు గాటు పడకూడదు. యంత్రానికి అంత ఓర్పు లేదు మరి. ఒలిచిన మాను ఎర్రగా, సిగ్గుపడ్డట్టు నిలబడుతుంది. దాని మీద తెల్లరంగుతో ఆ ఏడాది చివరి అంకె రాస్తారు. 2024లో తీస్తే 4. మళ్లీ తొమ్మిదేళ్ల దాకా దాని జోలికెవరూ రారు. పోర్చుగల్‌లోని అగువాస్ ద మౌరా ఊళ్లో 1783లో నాటిన చెట్టొకటుంది. పిట్టల గోలకు దానికి ఈలవేసేవాడని పేరు. ఇన్నిసార్లు తోలు ఒలిపించుకుని ఇంకా ఈల వేస్తూనే ఉంది.

నీ గుంటల సంగతి చెబుతాను. ఆ మందపాటి తోలు కప్పుకుని కూడా చెట్టు ఊపిరి పీల్చాలి కదా. అందుకు బెరడుకు అడ్డంగా లోపలి నుంచి బయటికి సన్నటి దారులు తొలుచుకుంది. వాటి నిండా గోధుమరంగు పొడి. కోసి, బిళ్లలు చేసి, నునుపు పట్టేసరికి ఆ దారులు బయటపడతాయి, పొడి రాలుతుంది. నా బొటనవేలి కిందున్న ఖాళీ ఒక చెట్టు శ్వాస.

1665 నాటికే రాబర్ట్ హుక్ నిన్ను పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. తేనెపట్టులాంటి గదులు కనపడితే వాటికి సెల్ అని పేరు పెట్టాడు. అంగుళం పొడవునా వెయ్యిన్ని ఎనభై లెక్కపెట్టి, ఘనపుటంగుళానికి 125 కోట్ల 97 లక్షల 12 వేల గదులని తేల్చాడు. ప్రతి గదిలోనూ గాలి, తలుపులన్నీ మూసి. మంచు కరిగిన వాగులో మోకాలి లోతున నిలబడినా నువ్వు చల్లగా తగలవు. తడిసినా చెయ్యి జారనివ్వవు.

అరంగుళం మందం బిళ్లలు 14 గుచ్చితే 7 అంగుళాల పిడి. గుంటలు తక్కువున్న బిళ్లకు ధర ఎక్కువ. చవకరకానికి గుంటల్లో ముందే పూత కూరి నున్నగా అమ్ముతారు. నాలుగు వానలకు ఆ పూత రాలి అసలు మొహం బయటపడుతుంది. మిగతా పాపం మాది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడుస్తూ కొక్కెం ముల్లును నీలోనే గుచ్చుకుంటూ పోతాం, పక్కనే దానికోసం తీగ వంకీ ఉన్నా సరే.

బాగుచెయ్యాలంటే ముందు స్నానం. సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు. చేపజిగట, చేతి జిడ్డు పోయి నీ తేనెరంగు తిరిగొస్తుంది. ఆ జిడ్డు నలుపే అందమనేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. పంటిపుల్లతో గుంటలో వదులైన పాత పూతను తవ్వి ఊదాలి. పిడికి ఎగువ, దిగువ కర్ర మెరుగు గీసుకుపోకుండా టేపు చుట్టాలి. ఇక మందు. పాత సీసా బిరడా ఒకటి గరుకు కాగితం మీద అరగదీస్తే వచ్చే మెత్తటి పొడి, తడికి తట్టుకునే చెక్క జిగురు. జిగురు నాలుగు చుక్కలే, పొడి ఎక్కువ. చలిమిడిలా రావాలి. మొదటిసారి జిగురు ఎక్కువేసి గుంటలన్నీ కాఫీ మరకలు చేసుకున్నాను. అసలే ఆ ముద్ద నీకంటే ఒక ఛాయ ముదురు. గట్టిపడే ఎపాక్సీ మాత్రం వద్దు. చుట్టూ నువ్వు అరిగిపోతావు, అది అరగదు, కొన్నాళ్లకు అన్నంలో రాయిలా చేతికి తగులుతుంది.

ముద్దను బొటనవేలితో అదిమి, గుంట నిండాక ఇంకాస్త మెట్టగా వదిలేస్తాను. ఆరేకొద్దీ కుంగుతుంది. పెచ్చు లేచిన చోట పూడ్చడం చాలదు. అక్కడ చదరంగా కోసి బిరడా ముక్కనొకటి అతికాను. ఆవగింజలంతవాటిని ముట్టుకోలేదు. అన్నీ పూడ్చితే ప్లాస్టిక్ పిడే కొనుక్కోవచ్చు.

రేపటిదాకా ఆరాలి. తర్వాత 220 నంబరు గరుకు కాగితాన్ని పట్టీలా చింపి, పిడి చుట్టూ వేసి, కవ్వం తాడు లాగినట్టు రెండు చేతులా అటూ ఇటూ లాగాలి. ఆపైన 400. ఒక్కచోటే లాగితే నడుము సన్నబడిపోతుంది, తిప్పుతూ ఉండాలి.

బల్ల మీద మిగిలిన పొడిని కాగితంతో కూడదీసి చిన్న సీసాలో పోశాను. దానికి బిగించిన బిరడా కూడా నువ్వే.