మోత ఎక్కడిదో తేలాకే పానా

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్తుంటే, ఎదురొచ్చే ఖాళీ లారీని కళ్లు మూసుకునైనా పోల్చుకోవచ్చు. బరువున్న లారీ మూలుగుతుంది, ఖాళీది గలగలమంటుంది. ఆ గలగలంతా వెనక కమాన్లది. 2008లో పోర్టు పని మొదలైన కొత్తలో ఇనుప ఖనిజం, ఆ తర్వాత బొగ్గు, ఎరువులు, వంటనూనెలు. సరుకు ఏదైనా బరువు మోసేది ఉక్కు పట్టీల కట్టే. ఆ కట్టల్ని విప్పి, సరిచేసి, బిగించడమే బతుకుగా ఉన్న కమాన్ మేస్త్రీలు ఈ దారిలో ఉన్నారు. వాళ్లలో ఒకాయన పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

పట్టీ విరిగిందని లారీ వస్తే ఆయన విరిగిన పట్టీని చూడడు. యూ-బోల్టుల మీద చెయ్యి వేస్తాడు. కట్ట నడుమ సెంటర్ బోల్టు కోసం రంధ్రం ఉంటుంది. ఉక్కుకి అదే బలహీనమైన చోటు. యూ-బోల్టులు బిగువుగా ఉన్నంతకాలం ఆ నడుం కదలదు. వదులైతే గుంత గుంతకీ వంగి లేచి, చివరికి రంధ్రం మీదుగానే చిట్లుతుంది. కొత్త పట్టీ వేసి పాత బోల్టుల్ని అలాగే వదిలేసేవాడికి అదే లారీ మళ్లీ వస్తుంది. గిరాకీ లెక్కన చూస్తే లాభమే, కానీ ఈయనకి అది నచ్చదు.

అలాంటి చోటికి నెల్లూరు మిత్రుడొకాయన తన స్టాండర్డ్ హెరాల్డ్ తీసుకొచ్చాడు. మద్రాసులో 1948లో పుట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి వండలూరులో తయారుచేసిన కారు అది. అసలు రూపం ఇంగ్లాండుది, 1959 నాటి ట్రయంఫ్ హెరాల్డ్. ఒంటి తీరు దిద్దింది ఇటలీ శిల్పి జొవాన్ని మికెలోట్టి. ఆ హెరాల్డ్ చాసిస్‌నే కురచ చేసి ట్రయంఫ్ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. అంటే మన హెరాల్డ్‌కి ముందు చూపులు ఎలా ఉన్నా, వెనక కాళ్లు మాత్రం స్పోర్ట్స్ కారువే.

ఆ కాళ్ల అమరిక లారీకి పూర్తిగా తిరకాసు. లారీలో కమాన్లు రెండు, బండి పొడుగునా ఉంటాయి. ఇందులో ఒక్కటే కట్ట, అదీ అడ్డంగా. నడుము డిఫరెన్షియల్ నెత్తిన ఆరు నట్లతో బిగిసి ఉంటే, రెండు కొసలూ రెండు చక్రాల్ని పట్టుకుంటాయి. డిఫరెన్షియల్ చాసిస్‌కే అతుక్కుని ఉంటుంది. దానికి రెండు పక్కలా ఒక్కో క్రాస్ జాయింటు, అక్కణ్ణుంచి ఒక్కో అర ఇరుసు రెక్కల్లా పైకీ కిందికీ ఆడతాయి. ఈ పద్ధతి మీద నాకు పెద్ద గౌరవం లేదు. మలుపులో వేగంగా పోతూ యాక్సిలరేటర్ వదిలేస్తే బయటి చక్రం లోపలికి ముడుచుకోవచ్చు. ట్రయంఫ్ వాళ్లే 1970 నాటి స్పిట్‌ఫైర్‌లో ఒక్క పట్టీని గట్టిగా పట్టి, మిగతా కట్ట నడుము మీద ఊగేలా మార్చి ఆ గుణం తగ్గించారు. మద్రాసు కంపెనీ 1972 నాటి గెజెల్‌లో ఆ రెక్కల్నే తీసేసి ఒంటి ఇరుసు పెట్టింది. మన మెకానిక్కులకు ఆ రెక్కల ఇరుసు గిట్టకపోవడం కూడా అందుకొక కారణమంటారు. మేస్త్రీ మాత్రం కిందికి దూరి చాలాసేపు చూసి, "బాగనే ఆలోచించినాడు సార్, కట్టకి కట్టా అదే, చక్రాన్ని నిలబెట్టేదీ అదే" అన్నాడు.

కారు యజమాని ఫిర్యాదు ఒక్క ముక్క: వెనక మోత. అప్పటికే ఆయన చెన్నై నుంచి కొత్త షాక్ అబ్జార్బర్లు తెప్పించి డిక్కీలో పెట్టుకొచ్చాడు. మేస్త్రీ వాటిని విప్పనైనా లేదు. "యాడ మోగతందో తేలకుండా పానా పట్టగూడదు" అని, వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. కారుని స్పీడు బ్రేకర్ మీద నడిపించాడు, ఆపి కదిలించాడు, రివర్సు చేయించాడు, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వత్తి వదిలించాడు. దిగాక ఒక మోత కాదు, నాలుగున్నాయన్నాడు.

నాకు ఆయన పనితనం ఇక్కడే కనిపించింది. ఆ నాలుగింటినీ శబ్దాన్ని బట్టి కాక, అవి ఏ పనికి పలుకుతున్నాయో దాన్నిబట్టి విడదీశాడు. కారు ఎగిరి దిగేటప్పుడు కిర్రుమనేది ఒకటి. నిలిచిన కారు కదిలిన క్షణాన టిక్కుమనేది ఇంకొకటి. ఒక పక్క చక్రం గుంతలో పడినప్పుడు మాత్రమే డక్కుమనేది మూడోది. వేగంతో పాటు పెరిగే సన్నని ఊళ నాలుగోది. ఊళ కమాను వల్ల రాదు, కిర్రు గేర్ల వల్ల రాదు. సగం కారు అక్కడే అనుమానంలోంచి బయటపడింది.

కిర్రు కోసం ఆయన వాడింది చెంబెడు నీళ్లు. హెల్పర్ పిల్లోడు డిక్కీ మీద బరువేసి కారుని ఊపుతుంటే, ఈయన ముందు రేడియస్ ఆర్మ్ బుష్‌ల మీద నీళ్లు పోశాడు. మోత ఆగలేదు. తర్వాత పట్టీల కొసల మీద పోశాడు. కాసేపు నిశ్శబ్దం, ఆరాక మళ్లీ కిర్రు. నూనె ఎందుకు పొయ్యలేదని అడిగాను. నూనె పోస్తే అన్నీ ఒకేసారి ఊరుకుంటాయి, రబ్బరు చెడుతుంది, రెండోసారి పరీక్షించే వీలుండదు. నీళ్లు ఆరిపోతాయి, మోత తిరిగొచ్చి తన చోటు తనే చెబుతుంది. ఇంతకంటే చవకైన, ఇంతకంటే నిజాయితీ అయిన పరీక్ష నాకు తెలీదు.

టిక్కు కోసం గుంతలోకి దిగి, అర ఇరుసుని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ క్రాస్ మీద బొటనవేలు ఆనించాడు. ఎడమ పక్క కప్పుల చుట్టూ కుంకుమ రాలినట్టు ఎర్రటి పొడి. లోపలి సూది బేరింగులు గ్రీజు లేక ఎండి, అరిగి, తుప్పు పొడిగా బయటికి వస్తున్నాయన్నమాట. సముద్రపు గాలి ఆ పని త్వరపెడుతుంది. డక్కు టామీ రాడ్డుకి దొరికింది: షాక్ అబ్జార్బర్ బాగానే ఉంది, దాని కింది బుష్ మాత్రం గుడ్డు ఆకారంలో సాగిపోయింది.

విప్పడం దగ్గర ఆయన తొందర పడడు. వెనక సీటు ఎత్తి, కింది రేకుమూత తీస్తే కట్ట నడుము కనబడుతుంది. కొసల్ని విడదీసేముందు చక్రం పక్క జాకీ పెట్టి బరువు ఎత్తిపట్టాడు. వంగి ఉన్న ఆ ఉక్కు ఒక్కసారిగా విడిస్తే చెయ్యి దక్కదు. కట్ట బయటికొచ్చాక పట్టీలకి సుద్దముక్కతో వరస గుర్తులు పెట్టాడు. ప్రతి పట్టీ కొసా పై పట్టీ మీద చిన్న గాడి కొరికింది. ఆ గాడి అంచుల్ని ఆకురాయితో కాదు, గ్రైండర్ ఆనించీ ఆనించనట్టు పెట్టి నునుపు చేశాడు. పదునైన అంచు ఉంటే రేపు పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. కొసల మధ్య ఉండాల్సిన రబ్బరు బొత్తాలు ఏనాడో నుగ్గయిపోయాయి. పాత కన్వేయర్ బెల్టు ముక్క కోసి ఆ గుంటల్లో సరిగ్గా కూర్చునేలా చెక్కాడు. కంపెనీ భాగం కాదది, కానీ బొగ్గు మోసిన రబ్బరుకి ఇది కష్టమైన పని కాదు.

గ్రాఫైట్ గ్రీజు పూతగా మాత్రమే రాశాడు. ఎక్కువ పూస్తే ఇక్కడి ఇసుక, బొగ్గు పొడి అంటుకుని పట్టీలే ఆకురాయి అవుతాయి. పైగా పట్టీల రాపిడి పూర్తిగా పోకూడదు. కారు ఊగి ఊగి ఆగడంలో ఆ రాపిడికీ వాటా ఉంది.

చివరి బిగింపు చూడాల్సిన పని. జాకీ మీద ఉన్నప్పుడు ఈ కారు చక్రాలు కిందికి ముడుచుకుంటాయి. ఆ స్థితిలో రబ్బరు బుష్‌ల బోల్టులు బిగిస్తే, కారు నేలమీదికి దిగగానే రబ్బరు మెలిపడి, కొన్నాళ్లకే చిరిగిపోతుంది. అందుకని ఆ బోల్టులన్నీ చేతి బిగువుతో వదిలేశాడు. కారు దించి, వెనక సీట్లో రెండు సిమెంటు బస్తాలు వేయించి, ముందుకీ వెనక్కీ తోయించాడు. చక్రాలు నిటారుగా సర్దుకున్నాకే కిందికి దూరి ఒక్కొక్కటీ బిగించాడు. ఆయన ట్రయంఫ్ పుస్తకం చదివి ఉండడు. లారీ బుష్‌ల దగ్గర నేర్చుకున్న సంగతే ఇక్కడా చేశాడు.

ఆయన పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది: ఏదీ రాసిపెట్టడు. ఏ నట్టు ఎంత బిగువో చేతికే తెలుసు. హెల్పర్ పిల్లోడికి అది చూసి నేర్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

క్రాస్ మార్చాక టిక్కు పోయింది, కిర్రూ డక్కూ పోయాయి. ఊళ మిగిలింది. అది క్రౌన్ పినియన్ పళ్ల అరుగుదలట. సర్దాలంటే డిఫరెన్షియల్ దించాలి. పళ్లు దొరకవు, దొరికినా పాత జతకి కొత్తది కలవదు. నూనె మట్టం చూసి, తక్కువైన గేరాయిల్ పోసి, దాని జోలికి పోవద్దన్నాడు. డిక్కీలోని కొత్త షాక్ అబ్జార్బర్ల పెట్టెని యజమాని చేతికిచ్చి, బిల్లు ఉంటే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. కొంత తిరిగాక ఆ ఆరు నట్లూ మళ్లీ బిగించుకోవడానికి రమ్మని, అప్పటికే హారన్ కొడుతున్న బొగ్గు లారీ కిందికి వెళ్లాడు.