వెళ్ళిన అల, తిరిగొచ్చిన అల

పరారుణ దూరమాపకం పనంతా తాను పంపిన అలను తిరిగొచ్చిన అలతో పోల్చి చూడటమే. వెలుతురు నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. దాని రాకపోకల కాలాన్ని నేరుగా లెక్కపెట్టి మిల్లీమీటరు తేడా పట్టాలంటే సెకనులో లక్ష కోట్లవ వంతులు ఏడు కూడా తప్పకూడదు. అందుకే వెలుతురునే క్రమంగా పెంచుతూ తగ్గిస్తూ అలలా మార్చి పంపుతారు.

1940లలో స్వీడన్‌లో ఎరిక్ బెర్గ్‌స్ట్రాండ్ రూపొందించిన జియోడిమీటర్‌ది కూడా ఇదే సూత్రం. కాకపోతే అది మామూలు వెలుతురుతో పనిచేసే బరువైన యంత్రం. గాలియం ఆర్సెనైడ్ డయోడ్ వచ్చాక కథ మారింది. దానికిచ్చే కరెంటును హెచ్చించి తగ్గిస్తే చాలు, అందులోంచి వచ్చే పరారుణ కాంతీ అలాగే హెచ్చుతగ్గులవుతుంది. 1968లో స్విట్జర్లాండ్‌లోని వైల్డ్ కంపెనీ తెచ్చిన డిస్టోమాట్‌కు ఈ డయోడే గుండె.

సెకనుకు కోటిన్నర సార్లు ఊగే అల పొడవు 20 మీటర్లు. వెళ్ళిరావడం కలిపి చూస్తే, ప్రతి 10 మీటర్లకూ వెళ్ళిన అలకూ తిరిగొచ్చిన అలకూ మధ్య అదే తేడా మళ్ళీ కనిపిస్తుంది. ఆ తేడా 4.327 మీటర్లని చూపితే అసలు దూరం 14.327 కావచ్చు, 824.327 కూడా కావచ్చు. సందేహం తీరడానికి పరికరం నూరు రెట్లు నెమ్మదైన మరో అలను పంపుతుంది. అది మోటుగా 824 అని చెబుతుంది. గడియారంలో చిన్న ముల్లు గంటను, పెద్ద ముల్లు నిమిషాలను చెప్పినట్టు రెండూ కలిస్తేనే జవాబు.

అవతలి కొసన నిలిపే ప్రిజం చూడటానికి ఉత్త గాజుముక్క. మూడు ముఖాలు ఒకదానికొకటి లంబంగా ఉండటంతో, కాస్త పక్కకు తిరిగినా కిరణాన్ని వచ్చిన దిక్కుకే పంపుతుంది. ప్రిజం పట్టుకునే సహాయకుడు, అంటే చైన్‌మన్, దాన్ని గురిచూసి నిలపనక్కర్లేదంటే కారణం ఈ అమరికే. పరికరం మొత్తంలో ఇంత అందమైన భాగం మరొకటి లేదు. అయితే గాజులో కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి ప్రిజం స్థిరాంకాన్ని పరికరానికి చెప్పాలి. ఒక రకం ప్రిజానికి మరో రకం అంకె ఇస్తే ప్రతి కొలతలోనూ అదే తప్పు దొర్లుతుంది.

ఇక గాలి. వేడెక్కి పలచబడిన గాలిలో కాంతి కొంచెం వేగంగా పోతుంది. పరికరంలో 15 డిగ్రీలని ఉంచి, 45 డిగ్రీల రామగుండం ఎండలో కొలిస్తే కిలోమీటరుకు సుమారు రెండున్నర సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది. అందువల్ల నీడలో పెట్టిన థర్మామీటరు చూసి, గాలి పీడనంతో పాటు ఆ అంకెనూ పరికరంలో వేసిన తర్వాతే మొదటి కొలత తీస్తారు.