ఫ్యాక్టరీ ద్వారమున కనిపించిన ముఖములు

గతించిన కాలపు జీవితమును తెరపై చూపుటకు రెండు మార్గములు కలవు. నేటి మనుష్యులకు నాటి దుస్తులు తొడిగి నడిపించుట ఒకటి. నాటి మనుష్యులు విడిచిపోయిన ఆనవాళ్లను వెదకి, వానిని ఓపికతో చదువుట రెండవది. బ్రిటిష్ టెలివిజను ఈ రెండు మార్గములను త్రొక్కినది. ఉక్కునగరమైన జంషెడ్‌పూరున కూర్చుండి ఈ చిత్రములను చూచు తెలుగువానికి, ఈ రెంటి తారతమ్యము వట్టి కళావిషయముగా తోచదు.

మొదటి మార్గమునకు రెండు ఉదాహరణములు. 1999లో చానెల్ ఫోర్ వారు ప్రసారము చేసిన ‘1900 హౌస్’లో ఒక కుటుంబము లండనునందలి చార్ల్‌టనులో, విక్టోరియా రాణి నాటి సదుపాయములతోనే మూడు నెలలు కాపురము చేసెను. 2002లో వచ్చిన ‘ఎడ్వర్డియన్ కంట్రీ హౌస్’లో, స్కాట్లండునందలి మాండర్‌స్టన్ భవనమున కొందరు యజమానులుగను కొందరు సేవకులుగను ఉండిరి. వీనియందు గుణము లేకపోలేదు. ఒక్క చాకిరేవు దినము ఆడువారి నడుము నెట్లు విరిచెడిదో చరిత్ర గ్రంథము చెప్పలేని రీతిగా ఇవి చెప్పగలవు. కాని మూలమున నొక లోపమున్నది. విసుగు పుట్టినచో విడిచి పోవచ్చునని తెలిసిన దాస్యము దాస్యము కాదు. ఇచట కాలము మారినట్లు కనిపించునే గాని, మనస్సు మాత్రము నేటిదే.

రెండవ మార్గమున నడచిన చిత్రము 2005లో బి.బి.సి. వారు బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి సమర్పించిన ‘మిచెల్, కెన్యన్‌ల కోల్పోయిన ప్రపంచము’. దీని పుట్టుకయే ఒక కథ. 1994లో లాంకషైరునందలి బ్లాక్‌బర్న్ పట్టణమున ఒక పాత దుకాణపు నేలమాళిగలో లోహపు పీపాలు బయటపడెను. వానిలో ఎనిమిది వందలకు పైగా ఫిల్ము చుట్టలుండెను. శాగర్ మిచెల్, జేమ్స్ కెన్యన్ అను ఇద్దరు వర్తకులు 1900 మొదలు 1913 వరకు తీసిన చిత్రములవి. నైట్రేటు ఫిల్ము త్వరగా నశించును, సులభముగా అంటుకొనును. అట్టిది ఇంతకాలము నిలిచియుండుట అదృష్టమే.

ఆ చిత్రములలో మిక్కిలి విలువైనవి మిల్లు ద్వారపు దృశ్యములు. పని ముగిసినది. ద్వారము తెరచుకొనినది. శాలువలు కప్పుకొన్న స్త్రీలు, టోపీలు పెట్టుకొన్న పురుషులు వరదవలె వెలువడుదురు. పన్నెండేండ్లకే సగము దినము మిల్లులో, సగము దినము బడిలో గడపు బాలురు కెమెరా ముందునకు త్రోసికొని వత్తురు. ఒకడు టోపీ ఎత్తును. ఒకతె ముఖము దాచుకొనును. వీరెవ్వరును చరిత్ర కొరకు నిలువలేదు. తిరునాళ్ల డేరాలలో బొమ్మలు చూపు వ్యాపారి వీరిని చిత్రింపజేసి, మిమ్ము మీరే చూచుకొనుటకు రండని పిలిచెడివాడు. లాభాపేక్షయే ఇట్టి సత్యసంపదను మిగిల్చినది. ఉదాత్తమైన ఆశయముతో వ్రాసిన నివేదికలలో శ్రామికుడొక అంకె. ఇచట అతడు మనవైపు తేరిపార చూచుచున్నాడు. ఆ చూపులను గుర్తించుటకు మనుమలను మునిమనుమలను రప్పించి తెర ముందు కూర్చుండబెట్టిన ఘట్టములు ఈ ధారావాహికకు ప్రాణము. వ్యాఖ్యాత డాన్ క్రూయిక్‌షాంక్ ఉత్సాహము మాత్రము అప్పుడప్పుడు బొమ్మకంటె ముందు పరుగెత్తును.

అంతకంటె పెద్ద లోపమొకటి కలదు. ఈ చిత్రము పట్టణపు పొలిమేరను దాటి ఆలోచింపదు. ఆ ద్వారము వెనుకనున్న మగ్గములు నేసినదేమి? బ్లాక్‌బర్న్ మన దేశపు విపణికి ధోవతులు నేసిన ఊరు. 1914కు పూర్వము లాంకషైరు వస్త్రమునకు భారతదేశమే అన్నిటికంటె పెద్ద అంగడి. తెరపై నవ్వుచున్న ఆ పడుచు చేతి నూలుపోగు రెండవ కొన మన నేతగాని ఇంట, ఆగిన మగ్గము వద్ద ఉన్నది. దీనిని తెలియక విడుచుట ఒకటి, తలపకుండుట మరియొకటి. 1931లో గాంధీజీ బ్లాక్‌బర్న్ ప్రక్కనున్న డార్వెన్‌కు పోయినప్పుడు, ఖద్దరు ఉద్యమముచే పని పోయిన మిల్లు స్త్రీలే ఆయనను చుట్టుకొని జయధ్వానములు చేసిరి. ఆ ఛాయాచిత్రమున రెండు కొనలును కలిసినవి. డాక్యుమెంటరీ చేయవలసిన పని అది.

ఇక మన ద్వారము సంగతి. మిచెల్, కెన్యన్‌లు కెమెరా త్రిప్పుచున్న కాలముననే, 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడెను. 1912 ఫిబ్రవరిలో సాక్చి గ్రామమున మొదటి ఉక్కు దిమ్మ వెలువడెను. 1919లో ఆ గ్రామము జంషెడ్‌పూరు, కాళీమాటి స్టేషను టాటానగరు అయినవి. ఉత్తరాంధ్రము నుండి రైలెక్కి వచ్చినవారు ఆ కొలిమి యొద్ద చేరిరి. బిష్టుపూరున రామమందిరము కట్టుకొనిరి. 1920, 1922, 1928 సంవత్సరముల సమ్మెలను ఈ నగరము చూచినది. హరిసాధన్ దాస్‌గుప్తా తరువాతి కాలమున ఇచటి పరిశ్రమపై డాక్యుమెంటరీ తీసెను. దాని పేరులోనే ఉన్నది, అది ఉక్కు కథ యని. పరిశ్రమ కోరి తీయించు చిత్రములలో నిప్పే నాయకుడు. దాని యెదుట నిలిచినవాని ముఖము వెలుగులో కరగిపోవును.

గతమనగా నూరేండ్ల వెనుకటిదే కానక్కరలేదు. 2007లో టాటా వారు బ్రిటిష్ ఉక్కు పరిశ్రమకు వారసమైన కోరస్‌ను కొనిరి. 2024 సెప్టెంబరు 30న వేల్సునందలి పోర్ట్ టాల్బట్ చివరి బ్లాస్ట్ ఫర్నేసు ఆరినది. అచట నిన్నటి పని నేటికి చరిత్రయైనది. ఇచట కదమలోను సోనారిలోను ఉన్న తెలుగు ముదుసలుల జ్ఞాపకములును అంతే వేగముగా ఆరుచున్నవి. ఇంట తెలుగు మాటాడి, బడిలో హిందీ చదివిన మనుమనికి తాత మాట సగమే అందును.

మన ద్వారమునకు బొమ్మల వ్యాపారి రాలేదని చింతించి లాభము లేదు. కెమెరా లేనిచోట కలమైనను ఉండవలెను. పరిశ్రమ ఘనతను వర్ణించు పద్యములు మనకు చాలును. పాళీ దిగి ద్వారము దాటుచు, ముఖము తుడుచుకొని, ఒక్క క్షణము మనవైపు చూచిన మనుష్యుని, పేరుతో, ఊరితో, అతని మాటలోనే వ్రాసిపెట్టవలెను. అతడు మెచ్చుకొనుటకు కాదు. అతని మనుమడు గుర్తుపట్టుటకు.