తీగలు తెగినా ఆగని బేస్

1965 అక్టోబరులో లండన్‌లోని ఐ.బి.సి. స్టూడియోలో ‘ద హూ’ బృందం ‘మై జనరేషన్’ రికార్డు చేసింది. మూడుంపావు నిమిషాల పాట. మధ్యలో గిటార్ సోలో రావాల్సిన చోట బేస్ గిటార్ ముందుకు దూకుతుంది. అప్పట్లో రాక్ పాటల్లో బేస్ పని డ్రమ్స్‌ని అంటిపెట్టుకుని మూలస్వరం మోయడం. అది ఆగిపోతే పాట బోసిపోతుంది గానీ, మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. రాక్‌లో తొలి బేస్ సోలోల్లో ఈ పాటలోది ఒకటి.

వాయించింది జాన్ ఎంట్విసిల్. అప్పటికి ఇరవై ఒకటి నిండి నాలుగు రోజులైంది. కుర్రతనంలో ఫ్రెంచ్ హార్న్ ఊదాడు, కొన్నాళ్లు పన్నుల ఆఫీసులో గుమాస్తాగిరీ చేశాడు. వేదిక మీద కదలకుండా నిలబడేవాడు, వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు.

ఈసారి ఆ సోలో దగ్గర చెవి పెట్టి వినండి. గిటార్, డ్రమ్స్ ఒక దెబ్బ కొట్టి తప్పుకుంటాయి. ఆ ఖాళీలో బేస్ పై స్వరం దగ్గర మొదలై గబగబా మెట్లు దిగుతుంది. మళ్లీ దెబ్బ, మళ్లీ బదులు. వాడిన స్వరాలు అయిదారుకు మించవు. మన కచేరీల్లో తని ఆవర్తనంలా తీరుబడిగా పెరిగేది కాదిది. రెండేసి గుక్కల్లో తేల్చేయాలి, తాళం జారకూడదు.

అసలు ఎంట్విసిల్ మనసులో ఉన్న నాదం వేరు. డాన్‌ఎలెక్ట్రో బేస్‌కి సన్నటి తీగలుంటాయి, పియానోలా ఖంగుమని మోగుతాయి. ఆ మోత కోసమే అది కొన్నాడు. తీగ తెగింది. విడిగా తీగలు లండన్‌లో దొరకలేదు. తీగ కోసం మరో బేస్ కొన్నాడు, దాని తీగా తెగింది, ఇంకోటి కొన్నాడు! చివరికి విసిగి ఫెండర్ బేస్‌కి మందపాటి నున్నటి తీగలు కట్టి, సోలోని కాస్త తేలిక చేసి వాయించాడు. ఆయన స్వయంగా చెప్పుకున్న కథ ఇది. మనం వింటున్నది ఆ రాజీపడ్డ సోలోనే అంటే నమ్మబుద్ధి కాదు.

పాట రాసిన పీట్ టౌన్‌షెండ్ మొదట్లో దీన్ని నెమ్మదిగా సాగే బ్లూస్‌గా అనుకున్నాడు. మేనేజర్లు వదల్లేదు, ఊపు పెరిగింది, శ్రుతి మెట్టు మెట్టుగా పైకెక్కింది. పాటలో గాయకుడు రోజర్ డాల్ట్రీ గొంతులోని నత్తి గురించే లోకం ఎక్కువ మాట్లాడుకుంది. నత్తి ఉన్నవాళ్లు నొచ్చుకుంటారని బి.బి.సి. మొదట వెనకాడింది కూడా. పాట బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. పెద్దల మీద ఈ పాట చేసే తిరుగుబాటంతా మాటల్లోనే ఉందంటారు. నన్నడిగితే, వెనక వరసలో ఉండాల్సిన వాయిద్యం అడక్కుండా ముందుకు రావడంలోనే పొగరు ఎక్కువ కనిపిస్తుంది.

తీగల గొడవ మాత్రం ఎంట్విసిల్ వదల్లేదు. 1966లో రోటోసౌండ్ కంపెనీకి వెళ్లి, దాని యజమాని జేమ్స్ హౌతో కలిసి, తను కోరుకున్న ఖంగుమనే మోత వచ్చేదాకా తీగల చుట్టు మార్పించాడు. ‘స్వింగ్ బేస్ 66’ పేరుతో ఆ తీగలు ఈనాటికీ అమ్ముతున్నారు.