పెట్టెలోని చీర వయసెంత?

"పాత పట్టుచీరలు కొంటాం, జరీ కొంటాం" అని కేకేస్తూ వీధిలోకి వచ్చే మనిషి చీర మడత విప్పడు. అంచును వేళ్ళ మధ్య నలిపి, వెండి ఎంత ఉంటుందో అంచనా కట్టి, తూకానికి అడుగుతాడు. తరవాత ఆ చీర కాలి బూడిదవుతుంది, మిగిలిన వెండి ముద్దవుతుంది. అతన్ని తప్పుపట్టడానికేం లేదు, అది అతని బతుకుతెరువు. చిక్కంతా అమ్మేవాళ్ళతోనే. చేతిలో ఉన్నదేమిటో తెలియకుండా అమ్మేస్తున్నారు. ఆ చీర ఎక్కడ నేశారో, ఇంచుమించు ఏ కాలానిదో, మధ్యలో ఎవరు కోసి కుట్టారో తెలుసుకోవడానికి భూతద్దం, పగటి వెలుగు, ఒక మధ్యాహ్నమంత తీరిక చాలు.

ముందుగా పక్కన పెట్టవలసింది ఇంట్లో చెప్పుకునే మాట. "మా జేజమ్మ పెళ్ళిచీర, నూటయాభై ఏళ్ళది" అన్న లెక్క తరం మారినప్పుడల్లా కాస్త పెరుగుతుంది. నమూనానూ నమ్మకూడదు; హంసలు, రుద్రాక్షలు, కోటకొమ్మల అంచులు అప్పుడూ నేశారు, ఇప్పుడూ నేస్తున్నారు. చూడవలసింది చీరలో అన్నిటికన్నా కొత్తదేమిటని. పడుగులో, పేకలో, జరీలో, రంగులో ఏది చివరగా లోకంలోకి వచ్చిందో, చీర అంతకన్నా పాతది కాజాలదు. సరిగ్గా ఏ ఏటిదో ఇది చెప్పదు, వెనక్కి వెళ్తూ ఎక్కడ ఆగాలో మాత్రం చెబుతుంది. పాత బట్టల విషయంలో ఎక్కువ మంది పొరబడేది ఆగవలసిన చోటు దగ్గరే.

జరీతో మొదలుపెట్టండి. పాతకాలపు జరీకి సూరత్ పేరు. వెండిని సన్నని తీగగా లాగి, రేకులా చదును చేసి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత వేసేవారు. లోపలి దారం చాలాసార్లు ఎర్రగా ఉంటుంది. కుచ్చిళ్ళు నేలకు రాసుకున్న అంచు దగ్గర తీగ విడిపోయి ఆ ఎరుపు కనిపిస్తుంది. పూత అరిగితే తెల్లని వెండి బయటపడుతుంది, అది గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది. రాగి తీగకు పూత వేసిన రకమైతే ఎర్రబారుతుంది, చెమ్మ సోకితే పచ్చని చిలుం పడుతుంది. ఎన్నేళ్ళయినా వన్నె తగ్గక, పొరలు పొరలుగా ఊడిపోతుంటే అది ప్లాస్టిక్ జరీ, అంటే లోహపు పూత వేసిన పాలియెస్టర్ పొర. 20వ శతాబ్దం రెండో సగానికి ముందు అది లేదు. నల్లబడిన జరీని చూసి నకిలీ అనుకుని, ధగధగలాడేదాన్ని దాచుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

గుడ్డ ఏ దారానిదో తేల్చడానికి కొంగు చివర వేలాడే పోగు ఒక్కటి చాలు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అయిపోతుంది. నూలు కాగితంలా కాలుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. రేయాన్ కాలడం నూలులాగే ఉంటుంది కాబట్టి దాని మెరుపును బట్టి, తడిస్తే బలం తగ్గే గుణాన్ని బట్టి పోల్చుకోవాలి. మన దేశంలో రేయాన్ తయారీ 1950లో ట్రావన్కోర్‌లో మొదలైంది. అంతకు ముందు వాడినది దిగుమతి సరుకు.

రంగుల దగ్గర ఒక పెద్ద భ్రమ ఉంది. ఆకులు, వేళ్ళతో అద్దితే పాతది, రసాయనపు రంగైతే కొత్తది అనుకుంటారు. పెర్కిన్ అనే ఆంగ్లేయుడు మొదటి కృత్రిమ రంగును కనిపెట్టింది 1856లో. చిరివేరు ఇచ్చే ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1869లో కృత్రిమంగా చేశారు. కృత్రిమ నీలి 1897లో జర్మనీ నుంచి బజారుకొచ్చింది. కాబట్టి ముత్తవ్వ కట్టిన చీరలో రసాయనపు రంగు ఉండడంలో వింత లేదు. పెడనలో నిన్న అద్దిన గుడ్డలో కరక్కాయ, పటిక, బెల్లం ఉండడంలోనూ వింత లేదు. చీరాల, పుట్టపాకల తేలియా రుమాళ్ళ సంగతే చూడండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి ఎండబెట్టడం పురాతన పద్ధతే. వాటి ఎరుపు మాత్రం ఎన్నో రుమాళ్ళలో కృత్రిమ అలిజరిన్‌దే. అంతమాత్రాన వాటి విలువ తగ్గలేదు.

నమ్మదగిన సాక్షి నలుపు. కలంకారీలో నల్లగీతకు ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిం వాడతారు. ఆ ఇనుమే దశాబ్దాల మీద నూలును తినేస్తుంది. పాత కలంకారీ తెరలో ఎర్రటి పువ్వు నిక్షేపంగా ఉండి, దాని చుట్టూ గీసిన నల్లగీత వెంబడి గుడ్డ చిట్లిపోయి ఉంటుంది. పాతదనం తెప్పించడానికి టీ డికాక్షన్‌లో ముంచిన గుడ్డ అంతా ఒకే తీరుగా గోధుమరంగు తిరుగుతుంది, గీత వెంబడి చిట్లదు. నోట్లు పరీక్షించే అతినీలలోహిత కాంతి టార్చి కూడా పనికొస్తుంది. తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. అవి విరివిగా వచ్చింది 1950ల నుంచే. అయితే డిటర్జెంటులో ఉతికిన పాత పంచె కూడా అలాగే మెరుస్తుంది, కనుక ఒక్క టార్చినే నమ్మి తీర్పు చెప్పకండి.

ఏ ఊరి నేతో చెప్పేది చీర వెనక వైపు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు. దాన్ని నేసే కుప్పడం పద్ధతిలో ఒళ్ళు పేక వేరు, అంచు పేక వేరు. రెండూ కలిసే చోట ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అందుకు మూడు నాడెలు కావాలి, మగ్గం మీద తోడు మనిషి కావాలి. ఫలితంగా అంచు రంగులో ఒళ్ళు రంగు కలవదు. ఒకే పేక అటునుంచి ఇటు పరిగెత్తిన చీరలో అంచు రంగు మసకబారుతుంది, తిప్పి చూస్తే కలిసిన గీత ఉండదు. కంచిలోనూ ఈ విడి పేకల పద్ధతే ఉంది కాబట్టి కుప్పడం కనిపించగానే గద్వాల అనేయకూడదు. నూలు ఒళ్ళు కూడా ఉందా అని చూడాలి. వెంకటగిరి, ఉప్పాడ జాందానీ బుటా అయితే వెనక, ముందు దాదాపు ఒకేలా ఉంటుంది. జాకార్డు బుటా వెనక పోగులు వేలాడతాయి, లేదా కత్తిరించిన మొనలు గుచ్చుకుంటాయి. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు పోగులోనే ఉంటుంది కనుక గుడ్డ రెండు వైపులా ఒకటే, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అద్దకపు నకలు వెనక వెలవెలబోతుంది.

కాగితమూ ముద్రా ఉంటే పని సులువు. మిల్లు పంచె మీద గజాల లెక్క ఉంటే 1960ల మొదటికి ముందు. ఆ తరవాత మీటర్లు. ధర అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు, నయా పైసలలో ఉంటే 1957, 1964 మధ్య. కొట్టు పేరున్న అట్టపెట్టె మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తరవాతిది. సిల్క్ మార్క్ 2004లో, హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. కాని ఇవన్నీ పెట్టె వయసు, చీట్ల వయసు. చీరలు పెట్టెలు మారతాయి.

అసలు చిక్కు మార్పులతో వస్తుంది. తొమ్మిది గజాల చీరను ఆరు గజాలకు కోయడం, చివికిన ఒళ్ళు తీసేసి గట్టి అంచును కొత్త గుడ్డకు కుట్టడం మన ఇళ్ళలో మామూలు. నేత మొదట, చివర నేయని పడుగు పోగులుండాలి. ఒక కొస కత్తిరించి మడిచి కుట్టి ఉంటే చీర కురచైందని అర్థం. అంచు కుట్టుతో అతికినదా, నేతలో కలిసినదా అని చూడాలి. అలాంటి చీరకు రెండు వయసులు కడతాం, ఏది తక్కువైతే అది మొత్తానిది. మూలకు పెట్టిన పసుపు వెలుగుకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. దాన్ని మరక అనుకుని రుద్దకండి. నల్లజీడి రసంతో చాకలి వేసిన గుర్తు కూడా అంతే, ఏ ఇంటి బట్టో చెప్పే ముద్ర అది.

ఇక కాపాడడం. పాత పట్టుకు ఉతుకు మంచిదన్న నమ్మకం మానుకోవడమే మొదటి సేవ. దుమ్మును మెత్తని కుంచెతో తీయండి. తప్పనిసరైతే ముందు రంగు వదులుతుందేమో ఒక మూల తడి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. తరవాత పలచని కుంకుడుకాయ రసం, చల్లని నీళ్ళు. సోడా, డిటర్జెంటు క్షారం, అది పట్టుకు శత్రువు. పిండకూడదు, దండెం మీద వేలాడేయకూడదు, ఎండలో ఆరేయకూడదు. నల్లబడిన జరీని చింతపండుతో, పళ్ళపొడితో తోమేవాళ్ళున్నారు. నలుపుతోపాటు పలచని బంగారు పూతా పోతుంది. ఆ నలుపును అలాగే వదిలేయండి.

దాచేటప్పుడు పాత పంచె ముక్కను గంజి లేకుండా ఉతికి చుట్టండి. గంజికి పురుగు వస్తుంది. పాలిథిన్ కవరు చెమ్మను బంధిస్తుంది, న్యూస్‌పేపర్ ఆమ్లం వదిలి గుడ్డను పసుపు చేస్తుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. వేపాకు ఎండబెట్టి విడిగా మూట కట్టి పెట్టినా, అది పురుగును దూరం పెట్టడానికే కాని ఉన్నదాన్ని చంపడానికి కాదు. పురుగు పట్టిన పట్టుకు మ్యూజియాలు వాడే మార్గం చలి: గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచి, తీశాక మామూలు వేడికి వచ్చేదాకా విప్పరు. ఇంటి ఫ్రీజర్ అంత చల్లబడుతుందో లేదో థర్మామీటరుతో చూసుకోవాలి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, ఎందుకంటే ఒకే మడత మీద పట్టు చిట్లుతుంది, జరీ తీగ విరుగుతుంది. బరువు జరీ చీర హ్యాంగర్‌కు వేలాడితే తన బరువుకు తానే సాగుతుంది. గోడకు తగిలించి చూపించాలనే వాళ్ళకు ఒక మాట: మ్యూజియాలలో పాత నేతల మీద వెలుగును 50 లక్స్‌కు మించనివ్వరు, అదీ కొన్ని నెలలే. మన హాల్లో కిటికీ పక్కన పగటి వెలుగు దానికి ఎన్నో రెట్లు. వెలిసిన రంగు మళ్ళీ రాదు.

చినిగిన చోట ఇస్త్రీతో అంటించే గుడ్డ వాడకండి, ఆ జిగురు మళ్ళీ ఊడదు. వెనక పలచని నూలు పెట్టి, సన్నని దారంతో, చినుగు చుట్టూ గట్టి గుడ్డ మీదే వదులుగా కుట్లు వేయించాలి. ఇలా కుట్టగల మంచి పనివాళ్ళు ఇంకా ఉన్నారు.

చీర ఇక నిలవదని తేలిపోయి, కుషన్లకో, మనవరాలి లంగాకో కోయక తప్పని రోజు వస్తుంది. మొత్తం ఒకేసారి ముక్కలు చేయకండి. ఒళ్ళు మధ్యలోంచి వాడుకోండి. ఒళ్ళు, అంచు, కొంగు మూడూ కలిసే మూలను, కనీసం మూర పొడవున, పడుగు పోగులతో సహా వదిలేయండి. అందులో మూడు నాడెల కలయిక ఉంది, జరీ ఉంది, ఒళ్ళు రంగూ అంచు రంగూ ఉన్నాయి, నేత మొదలో చివరో ఉంది. దానికి నూలు పట్టీ ఒకటి కుట్టి, ఎవరిది, ఏ ఊళ్ళో కొన్నది, ఎప్పుడు కట్టింది, తెలిసినంత వరకే మెత్తని పెన్సిల్‌తో రాసి, చుట్టి పెట్టండి. పెన్ను వద్దు, చెమ్మకు ఇంకు పాకుతుంది.